ఓ కస్టమరూ, రేపు రా!

ముప్ఫై ఏళ్ళ కిందట మన పల్లెల్లో చాలా ఇళ్ళ తలుపుల మీద సుద్దతోనో బొగ్గుతోనో ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసి ఉండేది. రాత్రిపూట ఆడదెయ్యం వచ్చి తలుపు తడుతుందని, ఆ రాత చదువుకుని బుద్ధిగా వెనక్కి పోతుందని, మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదువుకుంటుందని జనం నమ్మకం. చదువుకున్న దెయ్యమే గానీ, ‘రేపంటే ఏ తారీఖు?’ అని నిలదీసే తెలివి లేదు పాపం. ఆ తలుపు రాతను కార్పొరేట్ స్థాయికి తీసుకెళ్ళిన ఘనత టెస్లా కంపెనీది. తేడా ఒక్కటే. మన ఊరివాళ్ళు దెయ్యం దగ్గర అడ్వాన్సు తీసుకోలేదు.

2017 నవంబరు 16 రాత్రి కాలిఫోర్నియాలోని హాథార్న్‌లో కరెంటు లారీని చూపిస్తానని ఆ కంపెనీ అధిపతి ఎలాన్ మస్క్ జనాన్ని పిలిచాడు. లారీ వచ్చింది, చప్పట్లయ్యాయి, ఇక ఇళ్ళకు పోదామనుకునేంతలో ఆ లారీ వెనక తలుపు తెరుచుకుని ఎర్రటి రోడ్‌స్టర్ కారు కిందికి దిగింది. నిలబడ్డచోటి నుంచి గంటకు 60 మైళ్ళ వేగం అందుకోవడానికి 1.9 సెకన్లు. గరిష్ఠ వేగం గంటకు 400 కిలోమీటర్ల పైచిలుకు. ఒక్కసారి చార్జింగ్ పెడితే దాదాపు 1,000 కిలోమీటర్లు. అంటే హైదరాబాద్‌లో బయల్దేరి వైజాగ్ వెళ్ళి, తిరుగుదారిలో విజయవాడ దాకా ప్లగ్గు మొహం చూడనక్కర్లేదు. ధర 2 లక్షల డాలర్లు, బండి 2020లో. బయానా 50,000 డాలర్లు, ఆనాటి మన లెక్కలో 32 లక్షల రూపాయలు. మొదటి వెయ్యి కార్లలో ఒకటి కావాలనుకునే మహానుభావులు మాత్రం మొత్తం రెండున్నర లక్షల డాలర్లూ ముందే కట్టెయ్యాలి.

ఎనిమిదేళ్ళు దాటింది. సున్నా నుంచి అరవైకి ఎంతసేపో అప్పుడే చెప్పారు. ఫ్యాక్టరీ నుంచి గేటు దాకా ఎంతసేపో చెప్పడం మరిచారు.

ఈ బండిలో ఓ వింత గుణం గమనించాను. తారీఖు వెనక్కి జరిగిన ప్రతిసారీ దీని పికప్ పెరుగుతుంది. 2018లో దీనికి మస్క్ రాకెట్ల కంపెనీ పేరిట స్పేస్‌ఎక్స్ ప్యాకేజీ అని ఒకటి తగిలించారు. బండి చుట్టూ ఓ పది చిన్న రాకెట్ థ్రస్టర్లు పెడతారట, వాటిలోంచి బిగించిన గాలి తన్నుకొస్తుందట, బండి ఇంకా జోరుగా ఉరుకుతుందట, కుదిరితే కాస్త ఎగురుతుందట. వెనక సీట్లు తీసేసి ఆ చోట గాలి సిలిండరు పెడతారట. ఆటోలో గ్యాస్ సిలిండరును పక్కన పెట్టుకుని ప్రయాణం చేసిన జాతి మనది, అందులో మనకు కొత్తేం కనబడదు.

2020 వచ్చింది. కారు రాలేదు. ముందు మా ఇంకో బండి సైబర్‌ట్రక్, తర్వాతే ఇది అన్నారు. 2021 జనవరిలో అడిగితే 2022 అన్నారు. ఆ సెప్టెంబరుకల్లా అది 2023 అయింది, అది కూడా 2022 పెద్ద రభస లేకుండా గడిస్తేనట. (2022లో ఆయన ట్విటర్ కొన్నాడు. రభస ఎవరిదో పాఠకులే తేల్చుకోవాలి.) 2023లో అడిగితే 2024. ఇక 2024 ఫిబ్రవరిలో అసలు లక్ష్యాలే మార్చేశామన్నాడు మస్క్. 60 మైళ్ళ వేగం సెకను లోపే వస్తుందట, పైగా ఈ బండిలో అన్నిటికన్నా చప్పటి సంగతి అదేనట, దీన్ని కారు అనొచ్చో లేదో కూడా అనుమానమేనట. ఆ ఏడాది చివర చూపిస్తాం, 2025లో ఇస్తాం అన్నాడు. చూపించనూ లేదు, ఇవ్వనూ లేదు. కారు అనొచ్చో లేదో అన్నమాట ఒక్కటే నిలబడింది. ఎవరి ఇంటి ముందూ లేనిదాన్ని కారని ఎలా అంటాం?

చెప్పిన పని చేసిన రోడ్‌స్టర్ లేకపోలేదు. 2008లో అమ్మకం మొదలుపెట్టిన పాత రోడ్‌స్టర్ అది, మస్క్ సొంత బండి. 2018 ఫిబ్రవరి 6న ఫాల్కన్ హెవీ రాకెట్టు కొసన కూర్చోబెట్టి అంతరిక్షంలోకి తోశారు. డ్రైవరు సీట్లో వ్యోమగామి దుస్తులేసిన బొమ్మ. ఆ బండి ఇప్పటికీ అంగారకుడి కక్ష్య దాటి పోయి వస్తూ సూర్యుడి చుట్టూ తిరుగుతోంది. 2025 జనవరిలో దాన్ని చూసి కొత్త గ్రహశకలమనుకుని జాబితాలోకి ఎక్కించారు, ఒక్క రోజు తిరక్కుండానే నాలిక్కరుచుకుని తీసేశారు. బయానా కట్టినవాళ్ళ కార్లు భూమ్మీదే కనబడకపోతే, కట్టని బొమ్మకు మాత్రం లాంగ్ డ్రైవ్.

ఆ సెకను లోపు సంగతి కొంచెం తేల్చుకోవాలి. ఇక్కడ చిక్కు మోటారుతో కాదు, టైరుతో. కరెంటు మోటారుకు గేర్లు మార్చే తంటా లేదు, తొక్కిన మరుక్షణం బలమంతా చక్రానికి అందుతుంది. దాన్ని రోడ్డుకు అప్పజెప్పాల్సింది టైరు. రోడ్డు మీద తిరిగే టైరు ఎంత మంచిదైనా, తన మీద పడ్డ బరువును మించి పెద్దగా పట్టు చూపలేదు. ఆపైన ఎంత తొక్కినా ఉన్నచోటే గిర్రున తిరిగి పొగ తప్ప మరేం రాదు. సెకనులో 60 మైళ్ళ వేగమంటే గురుత్వాకర్షణకు రెండు ముప్పావు రెట్ల తోపు కావాలి. అలాంటి పని జరగలేదని కాదు. 2023లో స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్, లూసర్న్ కాలేజీల విద్యార్థులు సొంతంగా చేసుకున్న బండి 0.956 సెకన్లలో గంటకు 100 కిలోమీటర్లు అందుకుంది. దాని బరువు 140 కిలోలు, అంటే మన మోటారుసైకిలంత. అయినా పట్టు చాలక, కింద గాలిని పీల్చే ఫ్యాన్ పెట్టి బండిని నేలకు అతికించాల్సి వచ్చింది. మరి రోడ్‌స్టర్‌కు చెప్పిన 200 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఒక్కటే అటూ ఇటూగా టన్ను తూగుతుంది. కనక ఆ రాకెట్లు వట్టి షోకు కాదు, అవి లేకపోతే లెక్క కుదరదు. అవి ఉంటే పక్క లేనులో స్కూటీ మీద పోయే అమ్మాయి సంగతేమిటో రవాణా శాఖవారు ఆలోచించాలి.

ఈ ముక్కలన్నీ శాన్ హోసేలో ఉండే మా బావమరిదికి ఫోన్లో చెప్పాను. మస్క్ మీద ఈగ వాలినా ఊరుకోడు.

“బావగారూ, మీరు అన్నిటికీ వంకలే పెడతారు. పైకి పోయిన రాకెట్టు వెనక్కి దిగదన్నారు. దిగిందా, లేదా?”

“దిగింది.”

“మోడల్ 3 రాదన్నారు. రోడ్డు నిండా అవే.”

“ఒప్పుకున్నాను. లేటుగా వచ్చాయి, కానీ వచ్చాయి.”

“మరి ఇదీ వస్తుంది.”

“సరేరా, నువ్వు బుక్ చేశావా?”

ఫోను కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత గొంతు తగ్గించి, “మీ చెల్లెలు ఒప్పుకోలేదు బావగారూ” అన్నాడు.

వాడి వాదంలో పస లేకపోలేదు. ఉత్త కబుర్లవాడే అయితే రెండో ఏడాదికే జనం లేచిపోయేవాళ్ళు. రాకెట్టు దిగింది కాబట్టి కారు ఎగురుతుందంటే నోళ్ళు తెరుస్తారు. నెరవేర్చిన పది మాటలను తాకట్టు పెట్టి పదకొండో మాట మీద అప్పు తెచ్చుకునే వ్యాపారమిది.

అప్పంటే నిజంగా అప్పే. 2017 చివర్లో టెస్లా పరిస్థితి ఏమిటో గుర్తు తెచ్చుకోండి. మోడల్ 3 తయారీ మొదలుపెట్టి, ఫ్యాక్టరీలో లైను కదలక గిలగిల్లాడుతున్న రోజులు. ఆ కాలంలో దివాలాకు నెల రోజుల దూరంలోకి వచ్చామని తర్వాత మస్కే చెప్పాడు. సరిగ్గా అప్పుడే లారీలోంచి ఎర్ర కారు దిగింది. ముందే మొత్తం కట్టాల్సిన ఆ వెయ్యి కార్లూ బుక్కయితే వచ్చేది 25 కోట్ల డాలర్లు. వడ్డీ లేదు, వాయిదాల్లేవు, హామీ సంతకం లేదు. మీరో నేనో బ్యాంకుకు వెళ్ళి, “ఇంకా కట్టని ఇంటిని చూసి సొమ్మివ్వండి, ఇల్లెప్పుడు కడతానో ఏటేటా చెబుతుంటాను” అంటే మేనేజరు గార్డును పిలుస్తాడు. నన్నడిగితే రోడ్‌స్టర్ తన ఉద్యోగం ఏనాడో చేసేసింది. తయారవడం ఆ ఉద్యోగంలో భాగం కాదు.

ఈ కథలో నాకు బాగా నచ్చిన పాత్ర శామ్ ఆల్ట్‌మన్. ఓపెన్‌ఏఐ అధిపతి. మనిషంత తెలివి, మనిషిని మించిన తెలివి, అదిగో వస్తోంది అని లోకానికి రేపటిని టోకున అమ్మే పెద్దమనిషి. 2018లో ఆయన రోడ్‌స్టర్ బుక్ చేశాడు. ఏడేళ్ళకు పైగా కాచుకుని, 2025 అక్టోబరు చివర్లో నా 50,000 నాకిచ్చెయ్యండి అని ఈమెయిల్ పెట్టాడు. ఆ చిరునామా పనిచెయ్యడం లేదని ఉత్తరం తిరిగొచ్చింది. ఆయన ఆ తంతునంతా ఎక్స్‌లో, అంటే పాత ట్విటర్‌లో పెట్టాడు. ఎక్స్ ఎవరిదో చెప్పనక్కర్లేదు. మస్క్ ఊరుకోలేదు. లాభాపేక్ష లేని సంస్థను దొంగిలించావని ఒక దెబ్బ, నీ డబ్బు 24 గంటల్లో వెనక్కి వచ్చిన సంగతి చెప్పవేం అని ఇంకో దెబ్బ. ఒకప్పుడు ఓపెన్‌ఏఐని కలిసి పెట్టిన భాగస్వాములు వీళ్ళు. ప్రపంచ భవిష్యత్తు తమ చేతుల్లో ఉందనుకునే ఇద్దరు, ఓ పాత బయానా దగ్గర వీధి కుళాయి తగాదాకు దిగారు. ఒకరి రేపు ఇంకొకరి రేపును నమ్మి మోసపోవడం అందరికీ దక్కే వినోదం కాదు.

మన దేశంలోనూ ఈ వ్రతం పట్టినవాళ్ళున్నారు. 2016లో మోడల్ 3కి వెయ్యి డాలర్లు కట్టి కూర్చున్నారు. కంపెనీ 2025 జులైలో ముంబైలో షోరూము తెరిచింది, దాదాపు 60 లక్షల రూపాయల మోడల్ వై పెట్టుకుని. దానికి కాస్త ముందే పాత బుకింగులవాళ్ళకు డబ్బు వెనక్కి ఇస్తామని కబురొచ్చింది. కట్టినప్పుడు డాలరు 66 రూపాయలు, తిరిగొచ్చేటప్పుడు 85. టెస్లా కారు ఎక్కకుండానే టెస్లా మీద లాభపడ్డ ఘనులు వీళ్ళు.

మిగతా కంపెనీలకు ఇంత ధైర్యం లేదు, చెప్పిన మాటలో నీళ్ళు కలుపుకుంటున్నాయి. మాసెరాటీ తన ఎంసీ20 కరెంటు బండిని అడిగేవాళ్ళు లేరని 2025లో మూలన పడేసింది. పోర్షా 718 ఇక కరెంటుదే అని, తర్వాత పై శ్రేణికి పెట్రోలు ఇంజనూ ఉంటుందిలెండి అంది. ఫెరారీ 2025 అక్టోబరు 9న తన తొలి కరెంటు బండి లోపలి యంత్రభాగాలు చూపించింది, అదే రోజు 2030కి కరెంటు కార్లు 40 శాతమన్న లక్ష్యాన్ని 20కి దించింది. షేరు ఢమాలంది.

చైనావాళ్ళకు మాత్రం సస్పెన్స్ నడపడం చేతకాదు. షావోమీ కంపెనీ మనకు రెడ్‌మీ ఫోన్లతోనే పరిచయం. 2015లో మన శ్రీసిటీలో ఆ ఫోన్లు తయారు చేయిస్తూ, విశాఖలో సభ పెట్టి మరీ ప్రకటించుకుంది. కార్లు చేస్తానని 2021లో అంటే నవ్వినవాళ్ళే ఎక్కువ. 2024లో కార్లు రోడ్డెక్కాయి. 2025లో అందులోనే ఎస్‌యూ7 అల్ట్రా వచ్చింది, 1,500 పైచిలుకు హార్స్‌పవర్, రెండు సెకన్ల లోపు పికప్, మన లెక్కలో 60 లక్షల పైచిలుకు. కొన్నవాళ్ళు కొద్ది నెలలకే గొడవకు దిగారు, బానెట్ మీది గాలిరంధ్రాలు వట్టి అలంకారమేనని. వాళ్ళది అదృష్టం, గొడవపడటానికి ఎదురుగా ఓ బానెట్ ఉంది. బీవైడీవాళ్ళ యాంగ్‌వాంగ్ యూ9 ఎక్స్‌ట్రీమ్ 2025 సెప్టెంబరులో జర్మనీ ట్రాక్ మీద గంటకు 496 కిలోమీటర్లు దాటింది. వాళ్ళు బండి చేశాక అంకె చెబుతున్నారు. వీళ్ళు అంకె చెప్పాక బండి మానేస్తున్నారు.

ఆ తర్వాతి ముహూర్తం 2025 నవంబరులో టెస్లా వాటాదారుల సభలో పెట్టారు. కొత్త రోడ్‌స్టర్‌ను 2026 ఏప్రిల్ 1న చూపిస్తామన్నారు. ఆ తారీఖే ఎందుకంటే, కుదరకపోతే ఊరికే అన్నానని తప్పుకోవచ్చు కదా అన్నాడు మస్క్, నవ్వుతాలుకే. వాటాదారులు చప్పట్లు కొట్టారు. ఎనిమిదేళ్ళలో ఆయన ఇంత నిజాయితీగా మాట్లాడింది ఇదే మొదటిసారి. చూపించిన 12 నుంచి 18 నెలల్లో తయారీ మొదలట. అంతకుముందు జో రోగన్ పాడ్‌కాస్ట్‌లో జేమ్స్ బాండ్ కార్లన్నీ కలిపినా దీనిముందు దిగదుడుపే అన్నాడు, ఎగిరే కార్లు వస్తాయన్నారే, ఏవీ అని ఒక స్నేహితుడు వాపోయిన ముచ్చట కూడా చెప్పి వదిలాడు. బండి ఎగురుతుందని అనలేదు, ఎగరదనీ అనలేదు.

ఆ లెక్కన 2027 దసరా ప్రాంతానికి మొదటి బండి రావాలి. మా బావమరిది అప్పుడే ఆయుధపూజ గురించి ఆలోచిస్తున్నాడు, బండి బుక్ చెయ్యకపోయినా. నిన్న రాత్రి మళ్ళీ ఫోన్ చేశాడు. “బావగారూ, నిజంగానే ఎగిరితే నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలంటారు?”