నాలుగు మీటల బీతోవెన్

పియానోకి 88 మెట్లుంటాయి. నా పియానోకి నాలుగే: డి, ఎఫ్, జె, కె. ఇదో కంప్యూటర్ ఆట. బ్రౌజర్‌లో ఓ ట్యాబ్ తెరిస్తే చాలు, నాలుగు వరసల్లో నల్ల పలకలు పైనుంచి జారుతూ వస్తాయి. కింది గీతని తాకేసరికి ఆ వరస మీట నొక్కాలి. నొక్కితే స్వరం పలుకుతుంది, లేదంటే ఎర్రక్షరాల్లో ‘మిస్’ అని పడుతుంది.

సంగీతం నాకు అబ్బదని చిన్నప్పుడే మా మాస్టారు సరళీ స్వరాల దగ్గర తేల్చేశారు. “నువ్వు లెక్కలు చూసుకో నాయనా” అన్నారు. అలాంటి నాచేత ఈ ఆట బీతోవెన్‌ని వాయించింది. ‘ఫర్ ఎలీజ్’ అట. 1810 నాటి బాణీ. ఆయన పోయిన నలభై ఏళ్ళకి, 1867లో గానీ అచ్చుకి నోచుకోలేదు. తైవాన్‌లో చెత్తబండ్లు దీన్ని మోగిస్తూ వీధుల్లోకొస్తాయి కాబట్టి అక్కడివాళ్ళకి ఇది వినగానే చెత్త గుర్తొస్తుంది. మా ఆవిడకి నేను గుర్తొస్తాను. రెండింటికీ పెద్ద తేడా లేదని ఆవిడ అభిప్రాయం.

నిజం చెప్పాలంటే వాయించేది నేను కాదు. స్వరమంతా పలకల్లో ముందే సిద్ధంగా ఉంటుంది, నేను ‘ఊఁ, కానివ్వండి’ అంటానంతే. హార్ప్‌సికార్డ్ అనే పాత వాద్యంలో మెట్టుని ఎలా నొక్కినా చప్పుడు ఇంచుమించు ఒకేలా ఉండేది. 1700 ప్రాంతంలో ఫ్లారెన్స్‌లో క్రిస్టోఫొరి అనే ఆయన తీగని సుత్తితో కొట్టించి, వేలి బరువుని బట్టి మెల్లగానూ గట్టిగానూ పలికే పియానో తయారుచేశాడు. ఆ మహానుభావుడి శ్రమంతా ఈ ఆట గంగలో కలిపేసింది. జె మీటని ముద్దుగా నిమిరినా, ఆఫీసు కోపమంతా దానిమీద చూపించినా స్వరం ఒకటే. అయినా నేను కళ్ళు మూసుకుని భావం ఒలికిస్తుంటాను. కళ్ళు మూస్తే పలకలు కనబడవు కదా. మిస్.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే మరీ ఘోరం. నొక్కిన క్షణం పోయాక ఎప్పటికో వినిపిస్తుంది స్వరం. పెళ్ళయ్యాక అందిన శుభలేఖలా. పైగా కొన్ని చవకరకం కీబోర్డులు మూడు మీటలు ఒకేసారి నొక్కితే మూడోదాన్ని పట్టించుకోవు. కొత్తది కొందామన్నాను. మిక్సీ జార్ వంతు ముందుందని తెలిసింది.

“ఏవండీ, ఇంత రాత్రప్పుడు ఏమిటా టకటక?”

“ఆఫీసు రిపోర్టు.”

“మరి ఆ తల ఊపుడేమిటి?”

దీనికి జవాబు నా దగ్గర లేదు. ఆ లోపల రెండు పలకలు జారిపోయాయి కూడా. నిజానికి ఆ నాలుగూ టైపింగ్ క్లాసులో చూపుడువేళ్ళూ నడిమివేళ్ళూ మొదట ఆనించే మీటలే. కాబట్టి నేను చెప్పింది పూర్తి అబద్ధమూ కాదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఒక మాట. వైరున్న ఇయర్‌ఫోనే వాడండి. జింగిల్ బెల్స్ లాంటి తేలిక బాణీలతో మొదలెట్టండి. రష్యావాడు రిమ్‌స్కీ-కోర్సకోవ్ రాసిన తుమ్మెద బాణీ ఒకటుంది, నిమిషంన్నర కూడా ఉండదు గానీ అందులో ఊపిరి తీసుకునే సందు దొరకదు. భోజనం చేసిన వెంటనే దాని జోలికి పోకండి.