బ్రదర్ గారి విశ్వాసానికి వందనాలు

బ్రదర్ గారూ, దేవుని కృప మీద మీకున్న భరోసా అపొస్తలుడైన పౌలుకు కూడా ఉన్నట్టు లేదు. ఊరందరికీ సువార్త చెప్పి చివరికి తానే భ్రష్టుడినైపోతానేమోనని ఆయన ఒళ్లు నలగగొట్టుకున్నాడట; కొరింథీయులకు రాసుకున్నాడు పాపం. మీకా బెంగ లేదు. కృప పెరగడానికి పాపంలోనే ఉండిపోదామా అని పౌలు రోమా సంఘాన్ని అడిగి, వెంటనే కాదు కూడదని కొట్టేశాడు. అంత తొందర దేనికని, ఆ ప్రశ్నను మీరు ఇప్పటిదాకా తెరిచే ఉంచారు.

డిసెంబరు 31 రాత్రి మిమ్మల్ని చూసి తీరాలి. ముందు వరుస, ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో రుమాలు. గడిచిన ఏడాది పాపాలు ఒప్పుకుందామని అయ్యగారు అనడమే ఆలస్యం, మీ కళ్లు ధారలు కడతాయి. పన్నెండు గంటలు కొట్టగానే ఆరిపోతాయి. ఆ తర్వాత వాగ్దానం కార్డు. గద్దింపులాంటి వచనం వస్తే జేబులో దాచేసి, అమ్మగారి పేరు మీద ఇంకోటి తీస్తారు. దీవెన దొరికేదాకా విసుగు చెందని మీ ఓర్పు యోబుకైనా ఉందా?

ఇక ప్రభు భోజన సంస్కారం ఆదివారం. ఎవరిని వాళ్లు పరీక్షించుకోమని అయ్యగారు అరనిమిషం ఆగుతారు. మా పిల్లలకు పదో తరగతిలో ఒక్క పేపరు రాయడానికి గంటలు చాలవు. మీరు ఆ అరనిమిషంలోనే ఏడాదంతా రాసేసి, దిద్దేసి, పాసైపోయి గిన్నె అందుకుంటారు.

సుంకరి జక్కయ్యకు మీ తెలివి లేదు. మేడిచెట్టు దిగాడు, ప్రభువు తన ఇంటికే వచ్చాడు, పనైపోయిందిగా! ఎవరూ అడక్కుండానే ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా లాక్కున్నది నాలుగంతలు తిరిగి కడతానని లేచి నిలబడ్డాడు. మీరే గనక యెరికోలో ఉండి ఉంటే చెవిలో చెప్పేవారు: మంచి సాక్ష్యం ఒకటి చెప్పుకో, కానుక పుస్తకంలో పేరు రాయించుకో, సోమవారం మళ్లీ సుంకం దగ్గర కూర్చో అని.

సాక్ష్యమంటే మీ కొత్త ఇంటి కూడికే గుర్తొస్తుంది. ఒక్క రూపాయి అప్పు లేకుండా దేవుడే ఈ ఇల్లు కట్టించాడని మైకులో చెబుతూ గద్గదమయ్యారు. కట్టిన మేస్త్రి వెనక కుర్చీలో బిర్యానీ పొట్లం పట్టుకుని, అలవాటు కొద్దీ ‘ఆమెన్’ అన్నాడు. స్లాబు డబ్బులు ఇంకా రావాలతనికి. అడిగితే, ‘ప్రార్థనలో పెట్టాను తమ్ముడూ’ అన్నారట. దేవుడికి అప్పజెప్పాక మధ్యలో మీరు జోక్యం చేసుకోరు, అదీ విశ్వాసమంటే.

యోహాన్ టెట్జెల్ పాపపరిహార పత్రాలు అమ్ముతున్నాడని 1517లో లూథర్ 95 వాదాలు రాశాడు. విశ్వాసి బతుకంతా పశ్చాత్తాపమే కావాలన్నది మొదటి వాదం. టెట్జెల్ దగ్గర కనీసం పైకం పెట్టి కొనాలి. మీరు ఆ ఖర్చు కూడా తప్పించారు. (ఉచితమంటే మనకు ఉచితం, సిలువ మీద కట్టినవాడికి కాదు. మీ సంతోషం పాడవుతుందని ఈ మాట గట్టిగా అనను.) డీట్రిష్ బోన్‌హోఫర్ అనే జర్మన్ పాస్టరు మారుమనస్సు అడగని కృపను చౌక కృప అన్నాడు, 1937 నాటి పుస్తకంలో. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరంలో నాజీలు ఆయన్ని ఉరి తీశారు. వాగ్దానం కార్డు మార్చుకోవచ్చని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

దావీదు రాజు కూడా మీ ముందు తక్కువే. ప్రవక్త నాతాను వచ్చి ఆ మనిషివి నువ్వేననగానే పాపం చేశానని ఒప్పేసుకున్నాడు. మీ గుమ్మంలోకి నాతాను వస్తే, తీర్పు తీర్చకూడదన్న వచనం మీకు అధ్యాయంతో సహా కంఠతా.

వచ్చే ఆదివారం మళ్లీ సంస్కారం ఉంది. అర్పణ బలిపీఠం దగ్గరే విడిచి ముందు సహోదరుడితో సమాధానపడమని మత్తయి అయిదో అధ్యాయంలో ఉంది గానీ, అందరి ముందూ మీరు లేచి వెళ్లక్కర్లేదు. శనివారం రాత్రే వెళ్లి రండి. మేస్త్రి ఏడింటికల్లా ఇల్లు చేరతాడు. లెక్క రాసిన కాగితం ఇంకా అతని దగ్గరే ఉంది.