“గింత అగ్గి పెడితే అయిపోతది”: టీకా తాత్పర్య సహితం

అవతారిక: ఈ వాక్యానికి కర్త తెలియదు, కాలం తేలలేదు. జగిత్యాల జిల్లా బీర్పూర్‌లోనే కాదు, వరి పండే ప్రతి ఊళ్లోనూ కోతలైనంక కొయ్యల ముందర, వాకిలి ఊడ్చినంక కవర్ల కుప్ప ముందర, అగ్గిపెట్టె చేతబట్టినవారు దీన్ని మంత్రంలా పలుకుతారు. ఇంతమంది నోట ఆడే వాక్యానికి వ్యాఖ్య లేకపోవడం లోపమే కనుక ఈ ప్రయత్నం.

మూలం: “గింత అగ్గి పెడితే అయిపోతది.”

టీక: గింత = పుల్ల తలకాయంత; అగ్గి = అగ్నికి తద్భవం, హోమంలో పూజ్యం, కల్లంలో భయం, కొయ్యల్లో సులువు; పెడితే = కూలి, కిరాయి లేకుండా అంటిస్తే; అయిపోతది = ముగుస్తుంది. ఏది ముగుస్తుందో మాత్రం చెప్పలేదు. క్రియకు కర్తను దాచడంలోనే ఇక్కడి చమత్కారమంతా ఉంది. ఆ కర్తను అధ్యాహారం చేసుకోవడమే మన పని.

తాత్పర్యం: ‘గడ్డి అయిపోతది’ అని లోకం చెప్పుకునే అర్థం. అది నిలవదు. టన్ను వరిగడ్డి కాలిస్తే దాదాపు 3 కిలోల రేణువులు, 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్ గాలిలో కలుస్తాయని, 5.5 కిలోల నత్రజని పొలానికి దక్కకుండా పోతుందని వ్యవసాయ శాస్త్రజ్ఞుల అంచనా. మన దేశంలో సన్న రేణువులకు రోజు సగటున పెట్టిన హద్దు ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు. ఆ 3 కిలోలూ సన్నవే అనుకొని లెక్క కడితే, చదరపు కిలోమీటరు ఊరి మీద రెండు తాటిచెట్ల ఎత్తు గాలి ఆ హద్దుకు చేరుతుంది. కాబట్టి గడ్డి అయిపోలేదు. మడిలోంచి గాలిలోకి, గాలిలోంచి రొమ్ములోకి మకాం మార్చింది.

విశేషం: కొండ మీద పొగ చూసి నిప్పును ఊహించడం తార్కికుల పాత పాఠం. తర్కసంగ్రహకర్త అన్నంభట్టు మన తెలుగువాడే. నిప్పు ఉన్నంత మాత్రాన పొగ ఉండి తీరదని, దానికి తడి కట్టె తోడు కావాలని ఆ గ్రంథం నేర్పుతుంది. ఈ ఒక్క మాట తలకెక్కితే చాలు. మంచుకు తడిసిన కొయ్యలు, తడి తొక్కలతో కలిసిన చెత్త, పచ్చికట్టెల పొయ్యి సరిగా మండవు, పొగే ఎక్కువ. చలికాలం తెల్లవారుజామున ఆ పొగ పైకి లేవక వాడకట్టు మీదనే పరుచుకుంటుంది. ప్లాస్టిక్ కవరు కలిస్తే అందులో విషం కూడా చేరుతుంది.

పూర్వపక్ష సమాధానం: ‘ఇదేమన్నా ఢిల్లీయా, నా ఒక్క మడి పొగ ఎంత?’ అని మొదటి ఆక్షేపం. చెల్లదు. పొగను కొలవాల్సింది పొగగొట్టం ఎత్తుతో కాదు, ముక్కుకు ఎంత దగ్గరో దానితో. పైగా ఊరందరి ‘గింత’లు కలిస్తే ‘గింత’ కాదు. ‘తాతలు కాల్చలేదా?’ అని రెండోది. తాతల కొడవలి నేలబారుగా కోసింది, గడ్డి వామికి చేరింది, వామి గొడ్లకు చేరింది. హార్వెస్టర్ ఎత్తుగా కోసి కొయ్యలు నిలబెట్టి పోతుంది. ఇక తాతల చెత్తలో పాల ప్యాకెట్ లేదు. ‘యాసంగి నాటు ముంచుకొస్తుంటే టైమేది, గడ్డి కట్టలు కట్టే బేలర్‌కు పైసలేవి?’ అని మూడోది. ఇదొక్కటే బలమైన పక్షం. యంత్రం అందుబాటులో పెట్టకుండా ‘కాల్చరాదు’ అని బోర్డు కట్టడం, టీక రాయకుండా పరీక్ష పెట్టడం లాంటిది. అయినా దారి లేకపోలేదు. కొయ్యల్లో నీళ్లు కట్టి, ఎకరానికి 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి రోటవేటర్ తిప్పితే కొయ్య కుళ్లి ఎరువవుతుంది. మందుబస్తా ఎటూ కొనేదే. కొత్తగా పెట్టాల్సింది కొన్నాళ్ల ఓపిక. ఇంటి తడిచెత్తకు పెంటకుప్ప ఉంది, కవర్లకు పంచాయతీ ట్రాక్టరు ఉంది. అక్కడా కావాల్సింది బండి వచ్చేదాకా ఆగడమే.

పాఠ నిర్ణయం: దీన్నిబట్టి చూస్తే మూలంలోనే లేఖక దోషం ఉంది. ఎవరో తొందరలో ‘ఆ’ దీర్ఘం ఎగరగొట్టి, గకారం కింద ఒత్తు పెట్టారు. ‘నీళ్లు’ అధ్యాహారం చేసుకుంటే శుద్ధపాఠం ఇదీ: “గింత ఆగి పెడితే అయిపోతది.”