కనుబొమల మధ్య గీతలకు కళ్ళు మూసుకుని పాటించదగ్గ చిట్కాలు

కనుబొమల మధ్య నిలువు గీతలు ఎందుకు పడతాయో చార్లెస్ డార్విన్ 1872లోనే కొంత చెప్పిపోయాడు. సాఫీగా సాగుతున్న ఆలోచనకు ఏదైనా చిక్కు అడ్డం పడితే మనిషి బొమలు ముడిపెడతాడట. ఇంకేం, జబ్బు మూలం దొరికిపోయింది: ఆలోచన. కాబట్టి ఈ గీతలకు బొటాక్స్ సూది వేయించుకోదలచినవారు ముందు ఆలోచన మానేయాలి. ప్రశ్న వేస్తే నొసలు చిట్లుతుంది, నొసలు చిట్లితే గీత పడుతుంది, గీత పడితే సూది డబ్బు దండగ. కింది చిట్కాలన్నిటికీ ఇదే మూలసూత్రం.

1. కళ్ళ డాక్టరు ఛాయలకు పోకండి

చూపు మందగించి బస్సు బోర్డు చదవడానికి కళ్ళు చికిలించేవారికి అద్దాలు పెడితే చికిలించడం తగ్గిపోతుంది. ఎండలో చలువ కళ్ళద్దాలు, నెత్తిన టోపీ, ముఖానికి సన్‌స్క్రీన్ ఉంటే గీతలు లోతు కావడం నెమ్మదిస్తుంది. అన్నీ ఇంత చవగ్గా తేలిపోతే ఇక సూది వేయించుకునే ముచ్చట ఎప్పుడు తీరుతుంది? మే నెలలో రామగుండం ఎండకు ఉత్త ముఖంతో తిరగండి.

2. సూది వేసేది ఎవరని అడగకండి

ఈ మందు క్లాస్ట్రిడియం బోట్యులినం అనే సూక్ష్మజీవి తయారుచేసే విషం. సరిగా నిల్వ చేయని తిండిలో పుట్టి, తిన్నవారి కండరాలను చచ్చుబడేసి ప్రాణాలు తీసేదీ ఇదే. అమెరికాలో అలన్ స్కాట్ అనే కంటి డాక్టరు దీన్ని అతి కొద్ది మోతాదులో మెల్లకన్నుకు వాడి చూశాడు. 1989లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ వైద్యాన్ని ఆమోదించింది. కెనడాలోని వాంకూవర్‌లో జీన్ కరుథర్స్ అనే మరో కంటి డాక్టరు రెప్పలు బిగుసుకుపోయే జబ్బుకు ఈ సూది వేస్తుంటే, పేషంట్ల కనుబొమల మధ్య గీతలు కూడా పోవడం కనిపించింది. చర్మవైద్యుడైన భర్త అలస్టర్‌తో కలిసి ఆమె ఆ సంగతి 1992లో ప్రచురించింది. గీతల కోసం ఎఫ్‌డీఏ ఆమోదం రావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. అంతమంది అన్నేళ్ళు చదివి పెట్టాక, మన పార్లర్ అమ్మాయి మళ్ళీ చదవడం దేనికి? వారాంతం కోర్సు సర్టిఫికెట్ బంగారు రంగు ఫ్రేములో గోడకు వేలాడుతోంది, చాలదూ? ఎండీ డెర్మటాలజీ ఉందా, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని వెతికారా, నొసలు చిట్లిందన్నమాటే.

3. ఎక్కడ గుచ్చినా ఒకటే అనుకోండి

బొమలను దగ్గరకు లాగేవి కారుగేటర్ కండరాలు, ముక్కు మొదలు దగ్గర చర్మాన్ని కిందికి లాగేది ప్రొసీరస్. నరం నుంచి ఈ కండరాలకు 'ముడుచుకో' అనే కబురు అందకుండా మందు అడ్డుపడుతుంది. మామూలుగా అయిదు చోట్ల, చోటుకు నాలుగేసి యూనిట్ల చొప్పున, మొత్తం 20 యూనిట్లు వేస్తారు. కారుగేటర్ బయటి కొసల దగ్గర వేసే సూదులు బొమ ఎముకకు సెంటీమీటరైనా పైన గుచ్చాలని నియమం. మందు కిందికి జారి రెప్పను ఎత్తే కండరానికి తగిలితే రెప్ప వాలిపోతుంది, తేరుకోవడానికి వారాలు పట్టవచ్చు. ఇవన్నీ కొలిచేవారు చాదస్తులు. కంటి అంచనాతో చకచకా గుచ్చేసే చేతినే నమ్మండి.

4. బేరం మాత్రం గట్టిగా ఆడండి

అడగదగ్గ ప్రశ్న ఒక్కటే: ఎంత తగ్గిస్తారు? మందు పొడి రూపంలో వస్తుంది. 100 యూనిట్ల సీసాలో 2.5 మిల్లీలీటర్ల సెలైన్ కలిపితే 0.1 మిల్లీలీటరుకు నాలుగు యూనిట్లు వస్తాయి. సెలైన్ రెట్టింపు పోస్తే అదే సూదిలో రెండే ఉంటాయి. మీరు రేటు తగ్గించినకొద్దీ వాళ్ళు నీళ్ళు పెంచుతారు, ఎవరికీ నష్టం లేదు. సీసా మీ ఎదుటే విప్పమని, లేబులు మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూపించమని అడగడం మర్యాద కాదు. 2024లో అమెరికాలో నకిలీ బొటాక్స్ వేయించుకున్న కొందరు ఆసుపత్రి పాలయ్యారు. అది అమెరికా సంగతి, మన ఊళ్ళో నకిలీలు ఎక్కడివి! ఒక కంపెనీ యూనిట్టూ ఇంకో కంపెనీ యూనిట్టూ సమానం కావన్న మాట కూడా చెవిన వేసుకోకండి.

5. మిగిలిన మందు పారేయనివ్వకండి

కలిపిన మందును 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచి 24 గంటల్లో వాడేయాలని బొటాక్స్ లేబులు చెబుతుంది. మన ఇళ్ళలో ఏదీ పారేసే అలవాటు లేదు. తోడికోడలికి వేయగా మిగిలింది ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టించండి, వచ్చే శ్రావణమాసంలో మీకు పనికొస్తుంది.

6. పెళ్ళికి ముందురోజు వేయించుకోండి

మందు పని మొదలుపెట్టడానికి రెండు మూడు రోజులు, పూర్తి ఫలితానికి రెండు వారాలు పడుతుంది. గుచ్చిన చోట కమిలినా ఆ రోజుల్లోనే తగ్గిపోతుంది. నెల ముందు వేయించుకుంటే ఇవన్నీ చల్లగా సర్దుకుంటాయి, ఇక పెళ్ళి వీడియోలో విశేషం ఏముంటుంది? తలంబ్రాల వేళకు ఒక బొమ పైకీ ఒకటి కిందికీ ఉంటే చుట్టాలు నాలుగు కాలాలు చెప్పుకుంటారు.

7. సూది పడగానే బొట్టు దిద్దుకోండి

గుచ్చిన చోటూ బొట్టు పెట్టుకునే చోటూ ఒకటే. కొన్ని గంటలు అక్కడ రుద్దవద్దు, పడుకోవద్దు, తల మర్దన వద్దు అని డాక్టర్లంటారు. మీరు తిన్నగా గుడికి వెళ్ళి కుంకుమ గట్టిగా అద్దుకుని సాష్టాంగపడండి, వస్తూ వస్తూ ఫేషియల్ కూడా కానిచ్చేయండి.

8. ఒంట్లో సంగతులు దాచండి

మయస్తీనియా గ్రావిస్ వంటి నరాల-కండరాల జబ్బు ఉన్నా, జెంటామైసిన్ రకం యాంటీబయాటిక్ వాడుతున్నా, గర్భిణి అయినా, పాలిస్తున్నా, ఆ చోట కురుపు ఉన్నా నోరు విప్పవద్దు. విన్నవారు సూది పక్కన పెట్టేస్తారు, చేసిన బేరమంతా వృథా.

9. గీత పూర్తిగా పోయేదాకా వదలకండి

ముఖం చిట్లించినప్పుడే కనిపించే గీతలు ఈ మందుకు బాగా లొంగుతాయి. ఊరికే ఉన్నప్పుడు కూడా కనిపించే గీత, ఏళ్ళ తరబడి మడత పెట్టిన పట్టుచీర మడత లాంటిది, పలచబడుతుందే తప్ప పూర్తిగా పోకపోవచ్చు. ప్రభావం మూడు నాలుగు నెలలుంటుంది. మూడు నెలల లోపు మళ్ళీ వేయకూడదంటారు, మీరు మాత్రం నెలనెలా వేయించుకోండి. అప్పటికీ తృప్తి లేకపోతే అదే పార్లర్‌లో గీతను లోపలి నుంచి నింపే ఫిల్లర్ సూది వేయించండి. కనుబొమల మధ్య రక్తనాళాలు కంటి రక్తనాళాలతో కలుస్తాయి. ఫిల్లర్ పొరపాటున నాళంలోకి పోతే చూపు పోయే ప్రమాదం ఎక్కువగా ఉన్న చోట్లలో ఇదొకటి. చూపే పోయాక గీత ఉందో లేదో మీకెలాగూ తెలియదు.

10. ఏం జరిగినా దిష్టే అనండి

రెప్ప వాలితే ఎదురింటావిడ కళ్ళు పడ్డాయని ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేయించండి. మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా, ఊపిరి ఆడకపోయినా మందు శరీరంలో వేరే చోటికి పాకి ఉండవచ్చని, ఆ లక్షణాలు సూది వేసిన కొన్ని గంటల నుంచి వారాల దాకా ఎప్పుడైనా రావచ్చని లేబులు మీద పెద్ద హెచ్చరికే ఉంది. అది చదివి వెంటనే ఎమర్జెన్సీకి పరిగెత్తేవారు ఉత్త కంగారు మనుషులు.

ఇన్ని చెప్పినా వినకుండా డాక్టరు చదువు ఆరా తీసి, సీసా లేబులు చదివి, తన జబ్బులు విప్పి చెప్పి, సంతకం పెట్టే ముందు కాగితం సాంతం చదివేవాళ్ళు కొందరుంటారు. అడుగడుక్కీ నొసలు చిట్లిస్తారు. అలాంటివారికి ఈ చిట్కాలు ఎందుకూ పనికిరావు. సూది వేయించుకున్నా మానుకున్నా వాళ్ళ కళ్ళూ రెప్పలూ ఎక్కడివక్కడే ఉంటాయి.