ఆరు నెలలు అమెరికా వెళ్తున్నారా? బండిని ఇలా వదిలేయండి

మంచు కురిసే దేశాల్లో నవంబర్ రాగానే మోటార్‌సైకిల్‌ను షెడ్డులో పెట్టి, మార్చి దాకా ముట్టుకోరు. మన హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లో చలికాలం వస్తే స్వెటరూ మంకీ క్యాపూ బయటికొస్తాయే తప్ప బండి ఆగదు. మన బండ్ల నిద్రకాలం వేరు. కూతురి పురుడుకో, మనవడిని చూసుకోవడానికో అంకుల్ ఏప్రిల్‌లో శంషాబాద్‌లో విమానమెక్కితే అక్టోబర్‌లో దిగుతారు. మధ్యలో వచ్చే ఎండా వానా అంతా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండి ఒక్కటే భరించాలి. అలా వెళ్లేవారి కోసం ఈ చిట్కాలు. అన్నీ మన వీధుల్లో తరతరాలుగా ఆచరణలో ఉన్నవే.

1. ట్యాంకు అడుగున కాస్తే ఉంచండి

నిండా పెట్రోలు పోసి వెళ్తే ఎవరో ఒకరు పైపు పెట్టి లాగేస్తారు. కాబట్టి అర లీటరు మిగిల్చి వెళ్లండి. ట్యాంకు ఖాళీగా ఉంటే లోపల తేమగాలి చేరి రేకు తుప్పు పడుతుందనీ, అందుకే నిండుగా పోయించాలనీ మెకానిక్ అంటాడు. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది, నీరు మితిమీరితే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి అని కూడా భయపెడతాడు. పట్టించుకోకండి.

పాత కార్బురేటర్ బండైతే మరీ తేలిక. నాబ్ కట్టేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపితే కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు ఖాళీ అవుతుందట. అంత ఓపిక ఎవరికుంది? అలాగే వదిలేయండి. ఆరు నెలల్లో పెట్రోలు ఆవిరై, గోధుమరంగు జిగురు మిగులుతుంది. తిరిగొచ్చాక మెకానిక్ చిటికెన వేలి గోరంత ఇత్తడి జెట్‌ను విప్పి, ట్యూబ్‌లైటుకు ఎదురుగా పెట్టి, ఒంటికన్నుతో చూస్తాడు. వెంట్రుక పట్టేంత రంధ్రంలోంచి వెలుతురు రాదు. నోటితో ఊదుతాడు, అయినా రాదు. అప్పుడు మీవైపు చూస్తాడు. ఆ చూపుకు బిల్లు వేరే ఉంటుంది.

2. ఇంజనాయిల్ వచ్చాక మార్చండి

నడవని బండికి కొత్త ఆయిల్ దండగ. వాడేసిన ఆయిల్లో ఇంధనం మండగా మిగిలిన ఆమ్లాలూ తేమా ఉంటాయి, అవి నెలల తరబడి బేరింగుల మీద కూర్చుంటాయి. కూర్చోనివ్వండి.

3. తాళంచెవి వాచ్‌మన్‌కిచ్చి వెళ్లండి

“వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చెయ్యి.”

“చేస్తా సార్, మీరు రంది పెట్టుకోకుండ్రి.”

ఈ రెండు మాటలతో బ్యాటరీ సమస్య తీరిపోయినట్టే. నిజానికి సెల్ఫ్ కొట్టినప్పుడు పోయిన ఛార్జి ఐదు నిమిషాల ఐడ్లింగ్‌తో పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. పైగా పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి, ఇంజనూ సైలెన్సరూ బాగా వేడెక్కితేగానీ పూర్తిగా పోదు. ఐదు నిమిషాలకే ఆపేస్తే అది సైలెన్సర్‌లోనే నీరై, లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్ విప్పి, బ్యాటరీని ఇంట్లో పెట్టి, నెలకోసారి ఛార్జి చేయించడం చాదస్తుల పని. నిండు బ్యాటరీ 12.6 వోల్టుల పైన చూపిస్తుంది. 12.4 కిందికి దిగి అలాగే ఉండిపోతే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. దిగనివ్వండి, కొత్త బ్యాటరీ కొనే యోగం ఊరికే రాదు.

4. సైడ్ స్టాండే చాలు

డబుల్ స్టాండ్ వేస్తే వెనక చక్రం గాల్లో ఉండి టైరుకు భారం తగ్గుతుంది. కానీ నడుం పట్టేస్తుంది కదా! గాలి కూడా తగ్గించి వదలండి. బరువంతా ఒకేచోట మోసి టైరు అక్కడ చదునవుతుంది. వచ్చాక నారాయణగూడ ఫ్లైఓవర్ మీద నున్నటి రోడ్డులోనూ గతుకులు తెలుస్తాయి.

5. కడిగిన వెంటనే కప్పేయండి

తడి ఆరకముందే మందపాటి ప్లాస్టిక్ పట్టా కప్పి తాడుతో బిగించండి. గాలి ఆడే గుడ్డ కవరు వద్దు. ఇడ్లీ పాత్రలా లోపల ఆవిరి నిలవాలి. చైనుకు ఆయిల్ పూయకండి, దుమ్ము అంటుతుంది.

6. సైడు బాక్సులో ఏదైనా తినేది ఉంచండి

సగం తిన్న పల్లీల పొట్లమైతే మేలు. బండి చెత్తడబ్బా పక్కనే ఉంటే ఇంకా మంచిది. ఎలుకలు పల్లీలయ్యాక వైర్ల మీదికి వస్తాయి. అవి దూరకుండా సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కాలనుకుంటే కుక్కండి. ఆ సంగతి చీటీ మీద రాసి హ్యాండిల్‌కు మాత్రం కట్టకండి.

7. సెల్లార్‌లో అన్నిటికంటే పల్లపు మూల ఎంచుకోండి

అక్కడైతే ఎవరి కారూ తగలదు. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్ల నాలా మన చుట్టుపక్కలనుంచే, దోమల్‌గూడ, నల్లకుంట దారిన మూసీకి పోతుంది. 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబర్ 13 రాత్రి వానకు నగరంలో ఎన్నో సెల్లార్లు చెరువులయ్యాయి. కానీ మీరు లేనప్పుడు అంత వాన రాదని నమ్మండి. బండిని మెట్ట మీద ఉన్న బంధువుల ఇంట్లో పెట్టడం మొహమాటం.

ఒకవేళ సీటు దాకా మునిగితే, నీళ్లు తీయగానే సెల్ఫ్ నొక్కి చూడమని వాచ్‌మన్‌కు ఫోన్ చేయండి. గాలి నలుగుతుంది, నీరు నలగదు. సిలిండర్‌లో నీరుంటే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నొక్కకపోతే ప్లగ్ విప్పి, నీళ్లు దింపి, ఆయిల్ మారిస్తే సరిపోయేది కావచ్చు. నొక్కితే ఇంజనే విప్పాలి.

8. ఇన్సూరెన్స్ కట్టకండి

కదలని బండికి ఇన్సూరెన్స్ ఏమిటి? సెల్లార్ మునిగిన రోజున క్లెయిమ్ ఉండదు, అంతేగా. గడువు దాటి 90 రోజులైతే ఏళ్లుగా కూడబెట్టిన నో క్లెయిమ్ బోనస్ పోతుంది. వచ్చాక లిబర్టీ చౌరస్తాలో పోలీసులు ఆపితే, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేనందుకు చట్టప్రకారం మొదటిసారి 2000 రూపాయల జరిమానా.

ఈ చిట్కాల్లో చాలావాటికి మీరు చేయాల్సిందేమీ లేదు. అందుకే ఇంతమంది పాటిస్తున్నారు. వద్దనుకునే మొండివాళ్లు మాత్రం టికెట్ బుక్ చేసిన వారంలోనే మీ మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ఆయిల్ మార్పించి, ట్యాంకు నింపించి, బ్యాటరీ ఇంట్లో పెట్టి, ఇన్సూరెన్స్ కట్టి, బండిని సెల్లార్‌లోంచి పైకి తెచ్చి డబుల్ స్టాండ్ వేయించండి. ఒక్క పూట పని. సూట్‌కేసులో ఆవకాయ కారకుండా సర్దడానికి అంతకంటే ఎక్కువసేపు పడుతుంది.