మీరు ఏ వైపు పడుకుంటారు సర్?

స్లీపర్ అనే మాటకు నాకు తెలిసిన అర్థాలు రెండే. ఒకటి పట్టాల కింద వేసే దుంగ, రెండోది గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో నేను ఏళ్ళ తరబడి తిరిగిన క్లాసు. రైల్వేలో గూడ్స్ గుమస్తాగా ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరైనవాడికి అంతకంటే ఏం తెలుస్తుంది? అందుకే కూకట్‌పల్లిలో పరుపుల షాపు కుర్రాడు "సర్, మీరు సైడ్ స్లీపరా, బ్యాక్ స్లీపరా?" అని అడిగితే, "సైడ్ లోయరైనా సర్దుకుంటాను బాబూ" అన్నాను. మా అబ్బాయి నా మోచెయ్యి నొక్కాడు. కోడలు అటు తిరిగి నవ్వుకుంది. ఆ కుర్రాడు మాత్రం నవ్వలేదు. పలక లాంటి ఫోను పట్టుకుని నా బరువడిగాడు, నడుము నొప్పి ఉందా అన్నాడు, రాత్రిపూట చెమట పడుతుందా అన్నాడు. పెళ్ళిచూపుల్లో కూడా నన్నెవరూ ఇన్ని అడగలేదు.

మా రోజుల్లో ఎవరు ఏ వైపు తిరిగి పడుకోవాలో పక్కవాడి మోకాలు నిర్ణయించేది. తెనాలి దగ్గర మా ఇంట్లో పిల్లలం ఏడుగురం. వేసవి వస్తే సాయంత్రం వాకిట్లో నీళ్ళు చల్లి, వేడి తగ్గాక తుంగచాపలు వరసగా పరిచి, పైన అమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలు వేసేది. మధ్యలో ఉన్నవాడు ఒత్తిగిల్లాలంటే అటు ముగ్గురూ ఇటు ముగ్గురూ ఒప్పుకోవాలి. తాతయ్యకు నులక మంచం. టౌను నుంచి అల్లుడొస్తే నవారు మంచం, దాని మీద ఇంటికంతటికీ ఉన్న ఒకే ఒక్క పరుపు. అల్లుడు వెళ్ళగానే పరుపు చుట్ట అటకెక్కేది.

తాతయ్య మంచం నులక ఆర్నెల్లకోసారి వదులయ్యేది. నడుము నేలకు జానెడు ఎత్తులో వేలాడుతుంటే, కుక్కి మంచమని దాన్నే తిట్టుకుంటూ లేచేవాడు. కాళ్ళవైపు తాడు విప్పి, పట్టె మీద పాదం తన్నిపెట్టి, వరసవరసా లాగి బిగించేవాడు. గట్టిగా కావాలంటే ఇంకో లాగు, మెత్తగా కావాలంటే కాస్త వదులు. ఇప్పుడు షాపుల్లో దీనికి ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసి ఫర్మ్‌నెస్ అంటున్నారు. మా తాతయ్యకు ఆ అంకెలన్నీ కాలి పిక్కలో ఉండేవి.

అన్నీ బాగుండేవని నేననను. నల్లులుండేవి. మంచం కోళ్ళ సందుల్లో సలసల కాగే నీళ్ళు పోసి, కిరసనాయిలు పూసి, మంచాన్ని ఎండలో నిలబెట్టినా రెండు వారాలకు మళ్ళీ వచ్చేవి. వాటికి మేం వెల్లకిలా పడుకున్నా ఒకటే, బోర్లా పడుకున్నా ఒకటే.

నాకు నిజంగా గుర్తుండిపోయింది దూదేకే సాయిబుగారు. పనులు తగ్గిన ఎండాకాలంలో వచ్చేవాడు. భుజాన మనిషంత విల్లు, చేతిలో చెక్క పిడి. తంతి మీద పిడితో కొడుతుంటే 'టంయ్ టంయ్' మని వీధి చివరి దాకా వినిపించేది. పరుపు కుట్లు విప్పితే లోపల దూది రాళ్ళలా గడ్డకట్టి ఉండేది. గంటలో ఆ గడ్డలన్నీ మబ్బులైపోయేవి. మేం ఆ మబ్బుల్లో దూకబోవడం, ఆయన విల్లెత్తి అదిలించడం, అమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని అజమాయిషీ చెయ్యడం! తలగడల్లో బూరుగు దూది. దాని పోగు పొట్టిది, నున్ననిది, దారం వడకడానికి పనికిరాదు కానీ తల పెడితే ఆ హాయే వేరు. నీళ్ళలో తొందరగా తడవదని వెనకటికి ఓడల్లో ప్రాణరక్షణ కోట్లలోనూ దాన్నే కూరేవారట. మా ఆవిడ పుట్టింటి నుంచి 1976లో తెచ్చిన పరుపును అలా ఎన్నిసార్లు ఏకించామో లెక్కలేదు. దూది అదే, గుడ్డ మాత్రం మారేది.

ఇప్పుడు షాపులో కొత్త పరుపును పదేళ్ళ వారంటీతో ఇస్తారు. ఆ వారంటీ కాగితం నేను రైల్వే రూల్సు పుస్తకం చదివినట్టు చదివాను. పల్లం ఫలానా లోతు పడితేనే చెల్లుతుంది, మరక పడితే చెల్లదు, కింద ఉన్న మంచం సరైనది కాకపోతే చెల్లదు. కుట్లు విప్పితే మాట్లాడనే అక్కర్లేదు. పాడైతే బాగుచేసేవాడు లేడు, మార్చేవాడే ఉన్నాడు.

సరే, కుర్రాడు ముందు నేచురల్ లేటెక్స్ చూపించాడు. ఇది రబ్బరు పాలతో చేసింది సర్, పూర్తిగా సహజం అన్నాడు. ఆ పాల సంగతి నాకు చెబుతాడా! రిటైరయ్యాక పాసు మీద కొట్టాయం వెళ్ళినప్పుడు చూశాను. తెల్లవారకముందే తలకు దీపం కట్టుకుని చెట్టు చెట్టుకూ వెళ్ళి, బెరడును ఏటవాలుగా సన్నగా చెక్కుతారు. ఎండెక్కితే పాలు సరిగా కారవు. చెట్టుకు కట్టిన చిప్పలోకి బొట్టుబొట్టుగా దిగే ఆ పాలలో రబ్బరు మూడో వంతు ఉంటుంది, మిగిలింది దాదాపు నీళ్ళే. అది గడ్డకట్టకుండా అమోనియా కలిపి, పాల నుంచి వెన్న తీసినట్టు యంత్రంలో గిరగిరా తిప్పి 60 శాతం రబ్బరుండేలా చిక్కబరుస్తారు.

ఆ తర్వాత జరిగేదంతా వంటిల్లే. చిక్కటి పాలను సబ్బుతో కలిపి నురగ వచ్చేలా గిలకొట్టి, గంధకం చేర్చి, అచ్చులో పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. గంధకంతో వేడి చేస్తే రబ్బరు జిగట పోయి గట్టిపడుతుందని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్ఇయర్ పట్టుకున్నాడు. పాలను నురగ కొట్టి మెత్తటి రబ్బరు చెయ్యడం 1929లో ఇంగ్లండులో డన్‌లప్ వాళ్ళు మొదలుపెట్టారు. ఇంకేముంది, ఇడ్లీయే కదా! మా కోడలికి ఈ మాట చెబితే ఆ వారమంతా పరుపును ఇడ్లీ అనే పిలిచింది. ఆ పరుపు నిండా సన్నటి గొట్టాల్లాంటి చిల్లులుంటాయి. అచ్చులో ఉండే మేకులు వేడిని లోపలిదాకా తీసుకెళ్ళడం వల్ల వచ్చినవవి. ఉడికేలోపు బరువైన రేణువులు అడుక్కి దిగుతాయి కాబట్టి డన్‌లప్ రకం కింది వైపు కాస్త బిరుసు. తలాలే అని ఇంకో రకం ఉంది. అందులో అచ్చును సగమే నింపి, గాలి తీసేసి నురగను పొంగించి, గడ్డకట్టించి ఆ తర్వాత ఉడికిస్తారు. అంతటా ఒకే మెత్తదనం, ధర కూడా మెత్తగా జేబులోకి దిగుతుంది.

సహజం అన్నాక ఎంత సహజమో అడగండి. గంధకం, జింక్ ఆక్సైడు, సబ్బు ఎలాగూ తప్పవు, అవి కొద్ది శాతమే. అసలు కిటుకు వేరే ఉంది. పెట్రోలియం నుంచి తీసిన కృత్రిమ రబ్బరును ఇందులో కలిపి, పైన లేటెక్స్ అని మాత్రమే రాసేవాళ్ళున్నారు. పాలలో నీళ్ళు కలిపేవాణ్ణి మా అమ్మ వేలు ముంచి పట్టేసేది. ఈ పాలను నేనెలా పట్టేది? బిల్లు మీద శాతం రాయించుకున్నాను.

తర్వాత హైబ్రిడ్. మా వైపు హైబ్రిడ్ అంటే జొన్న విత్తనం. ఇక్కడ అడుగున స్ప్రింగులు, పైన రెండు మూడు అంగుళాల లేటెక్సో, ఫోమో. పాత స్ప్రింగు మంచాల్లో అన్నీ ఒకదానికొకటి తీగతో కట్టి ఉండేవి, ఒకరు కదిలితే రెండోవాళ్ళు ఊగేవాళ్ళు. ఇందులో ఒక్కో స్ప్రింగుకు ఒక్కో గుడ్డ సంచి, ఎవరి పాట్లు వాళ్ళవే. ఈ ఉపాయం కొత్తదేం కాదు, కెనడాలో జేమ్స్ మార్షల్ అనే ఆయన 1900 నాటికే పేటెంటు తీసుకున్నాడు. కుర్రాడు మాత్రం నిన్ననే తను కనిపెట్టినట్టు చెప్పుకొచ్చాడు.

అయినా అతను అడిగిన ప్రశ్నలో అర్థం లేకపోలేదు. ఇంటికొచ్చి ఆలోచించాను. మా ఆవిడ పక్కకు తిరిగి పడుకుంటుంది, బక్కపలచటి మనిషి. అలాంటివాళ్ళకు భుజం, తుంటి దిగే చోట పరుపు లోపలికి ఇవ్వాలి. లేకపోతే బరువంతా ఆ రెండు చోట్లే పడి పొద్దున్నే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. మెత్తటి లేటెక్స్ అక్కడ చక్కగా దిగుతుంది, తిరగ్గానే వెంటనే లేస్తుంది. మెమొరీ ఫోమ్‌లా మనిషిని ఊబిలో దించి వదలదు. మా వాడు తొంభై అయిదు కిలోలు, పైగా బోర్లా పడుకుంటాడు. అలాంటివాడికి మెత్తటిదిస్తే పొట్ట దిగి నడుము విల్లులా వంగుతుంది. వాడికి కింద స్ప్రింగులు మొయ్యాలి. స్ప్రింగుల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి గాలి ఆడుతుంది, వీపు ఉడకదు. లేటెక్స్‌లో చిల్లులున్నా అది దిమ్మె లాంటిదే. మూతపెట్టిన పెట్టె మంచం మీద వేస్తే కింద చెమ్మ పడుతుంది, సందులున్న చెక్కల మంచమే కావాలి.

నాలాంటివాడి బాధ వేరు. నేను వెల్లకిలా పడుకుంటాను, గురక పెడతానని అపవాదు కూడా ఉంది. పడుకోవడంతో పేచీ లేదు, లేవడంతోనే. రాత్రి మూడుసార్లు లేచే వయసులో మనిషి మంచం అంచున కూర్చుని మోకాళ్ళ మీద చేతులూని లేస్తాడు. ఆ అంచు దిగిపోతే లేచేదెలా? హైబ్రిడ్‌లో అంచుల్లో బిరుసైన స్ప్రింగులు పెడతారు, అక్కడ లేటెక్స్ ఓడిపోతుంది. ఈ ముక్క ఆ కుర్రాడు చెప్పలేదు, వాడికి పాతికేళ్ళు కూడా లేవు.

నేను మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి, నడుముకు కటిక నేలే మందు అని వాదించాను. మా మేనకోడలు డాక్టరు, ఫోనులో నవ్వింది. "మావయ్యా, స్పెయిన్‌లో నడుము నొప్పి ఉన్న 313 మంది మీద పరిశోధన చేశారు, లాన్సెట్ వైద్య పత్రికలో 2003లో వచ్చింది. కొందరికి బాగా గట్టి పరుపు, కొందరికి మధ్యరకం ఇచ్చి మూడు నెలలు చూస్తే, మధ్యరకం మీద పడుకున్నవాళ్ళకే నొప్పి ఎక్కువ తగ్గింది" అంది. ఆ స్పెయిన్‌వాళ్ళు మా తాతయ్య నులక మీద పడుకోలేదు కదా అన్నాను. మా ఆవిడ ఫోను లాక్కుని "నువ్వు చెప్పిందే తీసుకుంటాం అమ్మా" అనేసింది.

అలా అబ్బాయి వాళ్ళ గదికి హైబ్రిడ్, మా గదికి ఆరంగుళాల లేటెక్స్ వచ్చాయి. అసలు కథ మొన్న మే నెలలో జరిగింది. అబ్బాయీ కోడలూ ఆఫీసులకు పోయారు. ఎండ పెళపెళలాడుతోంది. యాభై ఏళ్ళుగా మే నెలలో పరుపు ఎండలో వెయ్యని ఇల్లు మాది కాదు. మనవణ్ణి తోడు పిలిచి పరుపు లేపాను. నలభై కిలోల పైమాటే! అది దూది పరుపులా చుట్ట చుట్టుకోదు, చచ్చిన గేదెలా ఎటు పట్టుకుంటే అటు జారుతుంది. మేడ మెట్ల మలుపులో ఇరుక్కుంది. కింద నేను, పైన పదేళ్ళవాడు, మధ్యలో ముప్పై అయిదు వేల రూపాయలు. వాచ్‌మన్ వచ్చి తోస్తే డాబా మీదికి చేరింది. తొడుగు తీసి, ఎండ బాగా తగలాలని బోర్లించి, కర్రతో నాలుగు దెబ్బలు కూడా వేశాను.

సాయంత్రం కోడలు చూసి తల పట్టుకుంది. "మావయ్యగారూ, రబ్బరు బ్యాండు కిటికీలో ఎండకు వదిలేస్తే ఏమవుతుంది?" అనడిగింది. పసుపుపచ్చబడి, పెళుసై, పట్టుకుంటే తునిగిపోతుంది. నా సొరుగులో ఫైళ్ళకు వేసినవి ఎన్ని అలా పోలేదు! ఒక్క పూటకే కొంప మునగదు కానీ, లేటెక్స్‌కు నీడలో గాలి తగలాలి తప్ప ఎండ తగలకూడదట. ఎండలో పెట్టకూడని పరుపు కూడా ఉంటుందని నాకు డెబ్భై మూడో ఏట తెలిసింది. నన్నెవరూ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

మర్నాడు అటక మీంచి 1976 నాటి పరుపు దించాను. ఏకేవాళ్ళ కోసం రెండు రోజులు తిరిగితే మూసాపేట వైపు ఒక సందులో యంత్రం పెట్టుకున్నాయన దొరికాడు. విల్లు లేదు, తంతి మోత లేదు, మోటారు గుర్రుమంటుంది. ఆయన దూది వేళ్ళతో నలిపి చూసి, "ఇంకా ప్రాణముంది సార్, ఇలాంటి దూది ఇప్పుడు రాదు" అన్నాడు. సగం తుక్కు పోగా ఒంటరి మంచానికి సరిపడా పరుపు, రెండు తలగడలు వచ్చాయి. బాల్కనీలో నవారు మంచం మీద వేశాను. ఆ నవారు బిగించడానికి అటు మనవడు పట్టుకున్నాడు, పట్టె మీద పాదం ఎలా తన్నిపెట్టాలో వాడికి చూపించాను.

మా ఆవిణ్ణి రమ్మన్నాను. ఆవిడ పుట్టింటి పరుపు కదా. వచ్చి అంచున కూర్చుని, అరచేత్తో ఓసారి నిమిరి, "బాగుందండీ, మీరు పడుకోండి. నా భుజానికి ఆ ఇడ్లీయే హాయి" అని లోపలికి వెళ్ళిపోయింది. వెళుతూ వెళుతూ, ఎండెక్కాక దీన్ని డాబా మీదికి మోసేటప్పుడు తనను పిలవొద్దంది.