పందికొక్కు చెప్పుకున్న పేరు కథ

కోతలైన వరిచేను గట్టు కింద, బొరియలో కూర్చుని ఒక పందికొక్కు తన ఆత్మకథ చెప్పుకుంటోంది. మొదలుపెట్టడమే పేరుతో మొదలుపెట్టింది. ఇంగ్లీషులో 'నౌన్' అన్న మాట పుట్టిందే 'పేరు' అని అర్థమిచ్చే 'నోమెన్' అనే లాటిన్ మాటలోంచి కదా!

పంది, కొక్కు కలిసి పందికొక్కు. తెలుగువాళ్లు పెట్టిన ఈ పేరు 18వ శతాబ్దం చివరికల్లా ఇంగ్లీషులో 'బాండికూట్' అయింది. జాతిలో ఎవరికైనా చెల్లే పేరు గనక కామన్ నౌన్. ఎ బాండికూట్, టూ బాండికూట్స్ అని లెక్కపెట్టొచ్చు కూడా. ఆ పేరే ఆస్ట్రేలియా చేరి, పొట్టకు సంచి ఉండే మరో జంతువుకు అంటుకుంది. ఎలుకల కుటుంబానికి చెందిన తనకూ దానికీ ఏ చుట్టరికమూ లేదంటుంది పందికొక్కు. 1996లో ప్లేస్టేషన్ వీడియో గేమ్ ఒకటి తన హీరోకు 'క్రాష్ బాండికూట్' అని పేరు పెట్టింది. దాంతో అదే మాట క్యాపిటల్ లెటర్ తగిలించుకుని ప్రాపర్ నౌన్‌లో భాగమైంది. అందుకే, ఒక మాట ఏ రకం నౌనో తేలేది దాన్ని వాడిన చోటే అంటుంది పందికొక్కు.

తిండి దగ్గరకొస్తే ఈ నౌన్ల పాఠం ఇంకా చిక్కనవుతుంది. వరి వెన్నులు కొరికి, బొరియలోకి లాక్కొచ్చి కుప్ప పెట్టుకోవడం దీని అలవాటు. ఆ కుప్పలోంచి ఒక్క గింజ తీస్తే 'ఎ గ్రెయిన్'. రెండు తీస్తే 'టూ గ్రెయిన్స్'. కుప్ప మొత్తాన్ని చూపిస్తే మాత్రం వట్టి 'గ్రెయిన్'. ముందు 'ఎ' లేదు, వెనక 'ఎస్' లేదు. వడ్లు దంచితే వచ్చేది 'రైస్', మెటీరియల్ నౌన్. ఇంట్లో ఎన్ని బస్తాలున్నా అది ఏకవచనమే. లెక్కకొచ్చేవి బస్తాలు: టూ బ్యాగ్స్ ఆఫ్ రైస్.

తెలుగు పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. నీళ్లు, పాలు, వడ్లు మనకు నిత్య బహువచనాలు. 'పాలు వేడిగా ఉన్నాయి' అంటాం. ఆ లెక్కనే 'మిల్క్ ఆర్ హాట్' అని రాసిన పిల్లవాడి నోటుబుక్కులో ఎర్ర ఇంటూ పడుతుంది. నిజానికి వాడు తన భాష వ్యాకరణాన్ని చక్కగా పాటించాడు. ఇంగ్లీషు పాలను ఒకటిగా చూస్తుందన్న సంగతే వాడికెవరూ చెప్పలేదు.

మిగతా రకాల నౌన్ల సంగతి పందికొక్కు త్వరగా ముగించింది. తన కుటుంబం, అంటే 'ఫ్యామిలీ', కలెక్టివ్ నౌన్. అంతా ఒక్కటిగా అనుకుంటే 'ఈజ్'. విడివిడి సభ్యులుగా అనుకుంటే బ్రిటిష్ ఇంగ్లీషులో 'ఆర్' కూడా చెల్లుతుంది. ఆకలి, భయం చేతికి దొరకవు గనక హంగర్, ఫియర్ ఆబ్‌స్ట్రాక్ట్ నౌన్లు. రైతు టార్చిలైటు గట్టు మీద పడ్డ రాత్రి ఆ ఫియర్ ఎలాంటిదో దీనికి బాగా తెలుసు.

ఇంగ్లీషు చెప్పే టీచర్లకు పందికొక్కు విన్నపం ఒకటుంది. నౌన్ల పట్టిక బట్టీ పట్టించే ముందు, 'పాలు వేడిగా ఉన్నాయి' అని ఒక్కసారి బోర్డు మీద రాసి, దాని పక్కనే 'మిల్క్ ఈజ్ హాట్' అని రాయండి.